సవరణ: ఆ పరుగు నిబంధన ప్రకారమే

మా పర్లాకిమిడి హైస్కూలు అమ్మాయిల సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆట) జట్టు ఈ ఏడాది ఆడిన ఆటల గురించి గత వారం రాసినదానిలో రెండు తప్పులున్నాయి.

పిచర్ (బంతి విసిరే ఆటగత్తె) నిలబడే చోటు నుంచి బ్యాటర్ ముందుండే హోమ్ ప్లేటుకు 46 అడుగులని రాశాను. అది పురుషుల కొలత. అమ్మాయిలకు 43 అడుగులు.

రెండోది పెద్ద తప్పు. చివరి మ్యాచ్ ఏడో ఇన్నింగ్స్‌లో మన అమ్మాయి మూడో స్ట్రైక్‌కు (కొట్టాల్సిన బంతిని మూడోసారి కొట్టలేకపోయి) అవుటై కూడా పరుగెత్తిందని, అంపైర్ చూసీచూడనట్టు వదిలేశారని రాశాను. అది అన్యాయమైన మాట. బ్యాటర్ అవుట్ కావాలంటే మూడో స్ట్రైక్ బంతి నేలను తాకకముందే క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టే ఆటగత్తె) పట్టుకోవాలి. పట్టలేకపోతే, ఫస్ట్ బేస్ (బ్యాటర్ మొదట చేరాల్సిన చోటు) ఖాళీగా ఉంటే గానీ, అప్పటికే ఇద్దరు అవుటై ఉంటే గానీ, బ్యాటర్ పరుగెత్తవచ్చు. ఆ రోజు బేస్ ఖాళీ. బంతి క్యాచర్ గ్లవ్ అంచుకు తగిలి వెనక కంచె దాకా దొర్లిపోయింది. ఆట అయిపోయిందనుకుని మేమంతా లేచి నిలబడ్డాం. ఆ పిల్ల ఒక్కతే బంతిని చూసింది. బ్యాట్ వదిలేసి 60 అడుగులూ పరుగెత్తి, పడిపోతూనే బేస్‌ను అందుకుంది. లేచేసరికి మోచేతి నుంచి మణికట్టు దాకా ఎర్రమట్టి, దానిలోంచి సన్నగా రక్తం.

మొన్న బజారులో ఆమె తల్లి నన్ను ఆపి, “మా పిల్ల మోసం చేసిందా మాస్టారూ?” అని అడిగారు. లేదమ్మా, చేయలేదు. నిబంధన తెలియకుండా రాసింది నేను. ఆ అమ్మాయికీ అంపైర్‌కూ నా క్షమాపణలు. ఆ వాక్యాలు తొలగించాను.