బిస్కెట్‌పై అభియోగ పత్రం

ప్రపంచం నలుమూలలా టీ కప్పుల పక్కన దర్జాగా తిరుగుతున్న ఒక మోసగాడి మీద ఇంతవరకూ ఎవరూ ఫిర్యాదు చేయకపోవడం శోచనీయం. నిందితుడి పేరు బిస్కెట్. అభియోగం కూడా ఆ పేరే.

లాటిన్‌లో ‘బిస్’ అంటే రెండుసార్లు, ‘కోక్టుస్’ అంటే వండినది. పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి దిగిన ఈ మాటకు అర్థం ‘రెండుసార్లు కాలినది’ అని. ఒకప్పుడు ఆ బిరుదు న్యాయంగా సంపాదించుకున్నదే. ఓడల్లో నెలల తరబడి నిలవ ఉండాలని రొట్టెను ఒకసారి కాల్చి, మళ్లీ సన్నసెగన తడంతా ఇంకిపోయేదాకా ఆరబెట్టేవారు. తడి లేకపోతే బూజు పట్టదు కదా. పురుగు మాత్రం పట్టేది. నావికులు దాన్ని బల్లకేసి కొట్టి, రాలినవి రాలగా మిగిలింది నమిలేవారు. పళ్లు కదిలేవేమో గానీ, పేరుకు మాత్రం మచ్చ రాలేదు.

మరి ఇవాళ్టి బిస్కెట్? పిండి, చక్కెర, కొవ్వు కలిపి, పల్చగా ఒత్తి ఓవెన్‌లో పెడితే నిమిషాల్లో తయారు. రెండో కాల్పు ఊసే లేదు. ఒక పూట తపస్సుకు రెండు పూటల పుణ్యం రాయించుకుందన్నమాట. నిజంగా రెండుసార్లు నిప్పుల్లో నిలిచిన రస్క్ మాత్రం ఏ బిరుదూ లేకుండా జ్వరం వచ్చినవాళ్ల మంచం పక్కన కాలం వెళ్లదీస్తోంది. దానికి కాస్త న్యాయం చేసింది జర్మన్లే. వాళ్లు పెట్టిన పేరు ‘త్స్వీబాక్’, అంటే రెండు కాల్పులది.

ఇంగ్లీషువాళ్లు పదహారో శతాబ్దం నుంచి పద్దెనిమిది దాకా దీన్ని ‘బిస్కెట్’ అని పలికినట్టే రాసుకునేవారు. తర్వాత ఫ్రెంచి మోజులో స్పెల్లింగ్ మార్చి, ఉచ్చారణ మార్చడం మరిచిపోయారు. వాళ్లు పారేసిన రాతను తెలుగు భద్రంగా దాచింది. దాచి ఊరుకుందా? కస్టమ్స్ వాళ్లు పట్టుకునే బంగారం బిస్కెట్, పని కావాలంటే పై అధికారికి వేసే బిస్కెట్. ఈ రెండూ ఓవెన్ మొహమే ఎరగవు. కుండల తయారీలో అయితే మెరుగు పూయకముందు ఒక్కసారి కాల్చిన పాత్రకు బిస్కెట్ అని పేరు. ఇక్కడ అబద్ధానికి మొహమాటం కూడా లేదు.

అమెరికాలో మరీ బరితెగింపు. అక్కడ బిస్కెట్ అంటే బేకింగ్ పౌడర్‌తో పొంగిన మెత్తని బన్ను లాంటిది, గ్రేవీలో ముంచుకు తింటారు. అసలు బిస్కెట్‌ను డచ్చి మాట అరువు తెచ్చుకుని కుకీ అంటారు. చిన్న కేకు అని దానికి అర్థం. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీ ఇంజనీరు లూ మాంటులీ బ్రౌజర్‌లో దాచిన చీటీకీ ఆ పేరే. అప్పటినుంచి వెబ్‌సైట్లన్నీ కుకీలు కావాలా అని అడుగుతూనే ఉన్నాయి. ఒక్కటీ పెట్టిన పాపాన పోలేదు.

చివరికి వ్యవహారం పన్నుల దాకా వెళ్లింది. బ్రిటన్‌లో చాక్లెట్ పూసిన బిస్కెట్‌కు వ్యాట్ ఉంది, కేకుకు లేదు. మరి స్పాంజి మీద నారింజ జెల్లీ పెట్టి చాక్లెట్ పూసిన జాఫా కేక్ ఏ జాతి? 1991లో ట్రిబ్యునల్ గంభీరంగా విచారించింది. పాతబడితే కేకు గట్టిపడుతుంది, బిస్కెట్ మెత్తబడుతుంది. జాఫా గట్టిపడుతుంది కాబట్టి మరికొన్ని కారణాలతో కలిపి కేకేనని తేల్చారు. పేరుకున్న అసలు అర్థాన్నే కొలబద్దగా పెడితే, ఒక్కసారే కాలిన చాక్లెట్ బిస్కెట్లన్నీ పన్ను ఎగ్గొట్టొచ్చు. కంపెనీల వకీళ్లకు లాటిన్ రాకపోవడం ఖజానా అదృష్టం.