కరణీకానికి ఎసరు పెట్టిన ఎఫ్12

1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల వ్యవస్థను రద్దు చేసిందని అందరికీ తెలుసు. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక అదే వ్యవస్థ మాదాపూర్‌లో మళ్లీ పుట్టిందన్న సంగతి మాత్రం ఎవరూ గమనించలేదు. దాని చివరి తరం కరణాల్లో నేనొకణ్ని.

మా ఆఫీసులో సీ భాషలో రాసిన పాత కోడ్ ఉంది. ఏ ఫంక్షన్, అంటే ఒక్కో పని చేసే కోడ్ ముక్క, ఏ ఫైల్లో ఉందో నా బుర్రలో తప్ప ఏ రికార్డులోనూ ఉండేది కాదు. "అన్నా, పంప్‌స్టార్ట్ ఎక్కడుంది?" అంటూ కుర్రాళ్లు వచ్చి నా కుర్చీ పక్కన నిలబడేవాళ్లు. నేను వెంటనే చెప్పేవాణ్ని కాదు. అడగ్గానే చెప్పేస్తే ఇక కరణానికి విలువేముంది? ముందు టీ తాగాలి, ఆ మాడ్యూల్ రెండు ముక్కలైనప్పటి గొడవంతా వినాలి. ఫైలు పేరు ఆ తర్వాతే.

ఇప్పుడు ఎడిటర్లో, అంటే కోడ్ రాసుకునే ప్రోగ్రాంలో, పేరు మీద కర్సర్ పెట్టి ఎఫ్12 మీట నొక్కుతున్నారు. ఫైలు దానంతటదే తెరుచుకుంటోంది. టీ లేదు, చరిత్ర లేదు, నమస్కారం అంతకన్నా లేదు.

ఇది ఒక్కరోజులో జరిగిన అన్యాయం కాదు. ఫైళ్లలో మాటను వెతికిపెట్టే 1973 నాటి గ్రెప్ వల్ల మాకు ఇబ్బంది ఉండేది కాదు. బజారులో నిలబడి "సుబ్బారావూ!" అని కేకేయడం లాంటిది అది. ఊళ్లో ఉన్న సుబ్బారావులందరూ బయటికొస్తారు, అసలు మనిషెవరో చెప్పడానికి మళ్లీ కరణమే కావాలి. కుట్ర మొదలైంది ఆపరేటింగ్ సిస్టమ్ అయిన బర్కిలీ యూనిక్స్‌లో, కెన్ ఆర్నాల్డ్ సీట్యాగ్స్ అనే ప్రోగ్రాం రాసినప్పుడు. అది కోడ్ అంతా చదివి ట్యాగ్స్ అనే అడంగల్ తయారుచేస్తుంది: పేరు, ఫైలు, ఆనవాలు. ఆనవాలు అంటే లైన్ నంబరు కాదండోయ్, ఆ లైన్లో ఉన్న మాటలే. సర్వే నంబరు బదులు "చింతచెట్టుకు తూర్పున" అని రాసుకున్నట్టు. పైన పది లైన్లు కొత్తగా చేరినా చెట్టు చెట్టే కదా! బుర్ర ఉన్నవాడే, ఒప్పుకోవాలి. అయితే అడంగల్ ఎప్పటికప్పుడు తిరగరాయాలి, అంత ఓపిక మనవాళ్లలో ఎవరికుంది? పాత ట్యాగ్స్ ఫైలు పట్టుకుని దారి తప్పి చివరికి మా దగ్గరికే వచ్చేవాళ్లు.

అసలు దెబ్బ 2016లో పడింది. అంతకుముందు ప్రతి ఎడిటర్‌కీ ప్రతి భాషనూ విడివిడిగా నేర్పాలి. మైక్రోసాఫ్ట్ వాళ్లు లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ అని ఒకటి పెట్టారు: భాషకో సర్వర్, అంటే ఆ భాష తెలిసిన ప్రోగ్రాం, ఉంటే చాలు, ఏ ఎడిటర్ అడిగినా అదే జవాబిస్తుంది. పైగా మన పక్కనే కూర్చుని, మనం టైప్ చేస్తుండగానే రికార్డు దిద్దుకుంటుంది. టీ కూడా అడగదు.

అయినా పూర్తిగా ఆశ వదులుకోలేదు. సీ భాషలో డిక్లరేషన్ వేరు, డెఫినిషన్ వేరు. డిక్లరేషన్ అంటే పేరు మాత్రం ప్రకటించే శుభలేఖ, ఎన్ని ఫైళ్లకైనా పంచుకోవచ్చు. డెఫినిషన్ అంటే అసలు కోడ్, అదే పెళ్లి, ఒక్కచోటే జరగాలి. రెండుచోట్ల జరిగితే విడి ఫైళ్లను ఒక్కటిగా కలిపే లింకర్ పోలీసు కేసు పెడుతుంది. శుభలేఖ నమ్మి జనం వచ్చాక అసలు పెళ్లే లేకపోయినా పెడుతుంది. మొన్నొక కుర్రాడు ఎఫ్12 నొక్కితే హెడర్ ఫైల్లో, అంటే శుభలేఖలు ఉండేచోట, ఎక్స్‌టర్న్ అన్న లైన్ దగ్గర దిగాడు. ఎక్స్‌టర్న్ అంటే "ఉంది, ఎక్కడో ఉంది" అని. ఇంత తేల్చి చెప్పకుండా చెప్పడం నా సర్వీసులో నాకే చేతకాలేదు.

ఇక మాక్రోలు, అంటే తమ చోట వేరే కోడ్ అతికించే పొట్టి పేర్లు. ఇవి బినామీ ఆస్తులు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయైన కెర్నెల్లో సెట్‌పేజ్‌డర్టీ అనే ఫంక్షన్ ఉంది, కానీ దాని డెఫినిషన్ ఆ పేరుతో ఎక్కడా రాసి ఉండదు. పేజ్‌ఫ్లాగ్ అనే మాక్రోకి "డర్టీ" అన్న ముక్క ఇస్తే అదే ముందూ వెనకా అతికించి పేజ్‌డర్టీ, సెట్‌పేజ్‌డర్టీ, క్లియర్‌పేజ్‌డర్టీ లాంటి వారసుల్ని పుట్టిస్తుంది. ఈ బినామీలను పట్టుకోవడానికి కెర్నెల్ వాళ్లు ట్యాగ్స్ స్క్రిప్టులో ప్రత్యేకంగా పేర్ల నమూనాలు గుర్తుపట్టే రెజెక్స్‌ల చిట్టా రాసుకున్నారు. ఎవరో పెద్ద కరణమే రాసుంటాడు.

మా కోడ్‌లోనూ అలాంటివి ఉన్నాయి, నేను ప్రేమగా పెంచినవే. సోమవారం సాయంత్రం అదే కుర్రాడు ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకుని వచ్చాడు. ఎఫ్12 నొక్కితే "డెఫినిషన్ దొరకలేదు" అంటోందట. పేరేమో మాక్రో అతికించింది, ఫైలేమో పాత బోర్డుది, కంపైల్ చేసే, అంటే ప్రోగ్రాంగా మార్చే, ఫైళ్ల జాబితాలోనే లేదు. సర్వర్‌కి కనపడే అవకాశమే లేదు.

"అన్నా, ఇదెక్కడుందో కొంచెం చెప్తారా?"

ఎన్నాళ్లకు విన్నాను ఆ మాట! ఫైలు పేరు, అందులో ఏ మూలో కూడా ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. కళ్లజోడు తీసి నెమ్మదిగా తుడుచుకున్నాను.

"పాతవన్నీ తిరగేయాలి బాబూ. రేపు కనపడు."