‘నీరు (3)’ గారికి విన్నపం

మహారాజశ్రీ గళ్ళ నుడికట్టులో 14 అడ్డం ఆధారం ‘నీరు (3)’ గారి సముఖానికి,

కోనసీమ నుంచి నమస్కారాలండి. పోయిన ఆదివారం తమరు అడిగినదానికి ఈ ఆదివారం జవాబు చూశామండి. ‘భువనం’ట. చాలా సంతోషం.

తమరి మూడు గళ్ళలో నిలువు మాటతో కలిసింది చివరిదొక్కటే. అందులో ‘నం’ పడింది. ముందు రెండిటినీ ఏ నిలువూ తాకలేదు. ‘నం’తో ముగిసే మూడు గళ్ళ నీళ్ళు అమరకోశమనే సంస్కృత నిఘంటువులోనే రెండున్నాయి: జీవనం, భువనం. ఏది రాయాలో చెప్పే దిక్కేదండీ? అసలు 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ కాలవ నీళ్ళతో బతికే జనాన్ని నీరంటే ఏమిటని అడగడమే ఓ వెటకారం.

తమరితో వేగాలంటే పెన్ను పక్కన పెట్టి పెన్సిల్ తీయాలి. ముందు చివరి గడి నిలువు తేల్చాలి. ‘కం’ వస్తే ఉదకం, ‘యం’ వస్తే పానీయం, ‘తం’ వస్తే అమృతం. అక్కడికి బతికిపోయినట్టే. ‘రం’ వస్తే పుష్కరమో, శంబరమో. ‘లం’ వచ్చిందా, సలిలం, కమలం, కీలాలం మూడూ లైన్లో ఉంటాయి. నడిగడిలో లి, మ, లా ఏదో తేలేదాకా చెయ్యి కదపకూడదు. ‘ము’ వస్తే మరీ దరిద్రం: జలము, తోయము, నీరము, వనము. సున్నాతో రాస్తే ఇవన్నీ రెండు గళ్ళవే. గడి మిగిలినప్పుడల్లా ‘ము’ తగిలించి సాగదీయడం తమ కూర్పరికి అలవాటే కదా.

తమ పక్కింటి ‘గోదావరి పాయ (3)’ కూడా తక్కువ తినలేదు. గౌతమి, వశిష్ఠ, ఆత్రేయ, కౌశిక, అందరూ మూడు గళ్ళవాళ్ళే. కానీ దానికి మూడు గళ్ళూ నిలువులతో కలిశాయి, వదిలేశాం.

ఇక మర్యాద చాలు. నువ్వు ఆధారానివి కాదు, నిఘంటువులోంచి చింపిన చీటీవి. ఇంకో మాట తోడు తెచ్చుకోడానికి ఏం రోగం? ‘పన్నెండేళ్ళకోసారి పండగైన నీరు (3)’ అను. 2015లో స్నానాలు చేసి 2027 కోసం చూస్తున్న గోదారోళ్ళు పెన్నుతోనే పుష్కరం రాసేస్తారు. ‘శివుడి గొంతులో నీరు (2)’ అను. గంగ నెత్తిన కదా ఉండాలి, గొంతులో నీరేమిటని కాలవగట్టు మీద కూర్చుని తిట్టుకుంటాం. విషానికి నీరనే అర్థం కూడా ఉందని గుర్తొచ్చాక నిన్నే పొగుడుకుంటాం. అలా వస్తావా, రా. ఒట్టి ‘నీరు’ అంటూనే వస్తానంటావా, ముందు రెండు గళ్ళకీ చెరో నిలువూ వెంటబెట్టుకుని రా.