రేగడి కుమ్మరిస్తే ఊట ఆగదు

చెరువు కట్టల మీద ఒక మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. "కట్ట కింద నుంచి ఊట పోతుంటే ప్రొక్లెయిన్‌తో కందకం తీయండి. బెంటోనైట్ స్లర్రీ నింపి, తవ్వి తీసిన మట్టినే అందులో కలిపి తిరిగి పోసేయండి. రేగడి దొరికితే బెంటోనైట్ కూడా అక్కర్లేదు. చుక్క నీరు పోదు. టెస్టులు దండగ." బెంటోనైట్ అంటే నీళ్లు తగిలితే బాగా ఉబ్బే ఒక బంకమట్టి. దాన్ని నీళ్లలో కలిపిన జావే స్లర్రీ. కందకంలో తిరిగి పోసిన మట్టి, బెంటోనైట్ మిశ్రమమే ఊటకు అడ్డుగోడ. పద్ధతి కల్పితం కాదు. సాయిల్-బెంటోనైట్ గోడలు అమెరికాలో 1940ల నుంచే కడుతున్నారు. మెసేజ్ చెప్పినట్టు చేస్తే మాత్రం డబ్బు కందకంలో పోసినట్టే.

మొదటిది, "తవ్విన మట్టే చాలు" అన్న మాట. వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల చాలాచోట్ల పైన చెల్క, దాని కింద మొరం, ఆ కింద గ్రానైట్. మొరం పిడికెడు తీసి నలిపితే చేతికి తగిలేది గరుకు ఇసుక, పలుకురాళ్లు. బంకమట్టి పెద్దగా ఉండదు. గోడలో పోసే మట్టిలో 75 మైక్రాన్ల జల్లెడ దాటే సన్న రేణువులు కనీసం 20 శాతమైనా ఉండాలి, వాటిలో బంకతనం ఉండాలి. ఆ లోటును బెంటోనైట్ ఒక్కటే పూడ్చలేదు. చెరువు పూడిక మట్టిలోనో దగ్గరి రేగడిలోనో కొంత తెచ్చి మొరంలో కలపాలి. రేగడికి చోటు ఇక్కడ ఉంది, బెంటోనైట్‌కు బదులుగా కాదు. రెండింట్లోనూ మాంట్‌మోరిల్లోనైట్ అనే ఉబ్బే ఖనిజం ఉన్న మాట నిజమే. కానీ రేగడిలో అది ఇతర మట్టితో కలిసి ఉంటుంది, ఎక్కువగా కాల్షియం రకం. సోడియం బెంటోనైట్ ఉబ్బినంత అది ఉబ్బదు. పైగా గడ్డలు కడుతుంది. మిక్సింగ్ అయ్యాక ఒక గడ్డను విరిచి చూడండి, బయట జిగట, లోపల పొడి.

"స్లర్రీలో బెంటోనైట్ ఉందిగా, విడిగా ఎందుకు?" ఇక్కడ లెక్క వేసి చూద్దాం. వెయ్యి కిలోల పొడి మట్టిలో తేమ 10 శాతం ఉందనుకుందాం. స్లంప్ (అచ్చు తీసేశాక తడి మిశ్రమం ఎంత కుంగుతుందో చెప్పే కొలత) 100 నుంచి 150 మిల్లీమీటర్లు రావాలంటే తేమ 30 శాతం దాకా పోవాలనుకుందాం. అంటే 200 కిలోల నీళ్లు స్లర్రీ రూపంలో చేరాలి. స్లర్రీలో బెంటోనైట్ 6 శాతమైతే మట్టికి దక్కేది 13 కిలోలు, అంటే 1.3 శాతం. డిజైన్ 3 శాతం అడిగితే మిగతా 17 కిలోలు పొడి బెంటోనైట్‌గా వేయాల్సిందే. పొడి వేస్తే అది నీళ్లు పీల్చి స్లంప్ తగ్గుతుంది, మళ్లీ స్లర్రీ పోయాలి, లెక్క మళ్లీ మారుతుంది. అందుకే ఒక్క మిక్స్‌తో పని కాదు, మూడు నాలుగు చేసి చూస్తారు. "ఎక్కువ వేస్తే మేలు" అనేవాళ్లకు కూడా జవాబు ఇదే: ఒక హద్దు దాటాక పారగమ్యత, అంటే మట్టిలోంచి నీళ్లు దాటే వేగం, పెద్దగా తగ్గదు, మట్టి మాత్రం మెత్తబడి తర్వాత కుంగుతుంది.

పైనుంచి కుమ్మరించడం సంగతి. స్లర్రీలోకి మట్టిని వదిలేస్తే ఇసుక ముందు దిగి, మధ్యలో స్లర్రీ గుంటలు మిగిలిపోతాయి. మొదటి పోతను అడుగు దాకా దించి పెట్టాలి. తర్వాతి మట్టి ఆ పోత వాలు మీదుగా జారుతూ ముందుకు కదలాలి. అందుకు మట్టి సాంద్రత స్లర్రీ కన్నా ఘన సెంటీమీటరుకు కనీసం 0.24 గ్రాములు ఎక్కువ ఉండాలి.

ఇక "చుక్క నీరు పోదు" అన్నది. మంచి గోడ పారగమ్యత సెకనుకు సెంటీమీటరులో కోటో వంతు. 200 మీటర్ల పొడవు, 8 మీటర్ల లోతు, మీటరు మందం, రెండు వైపులా నీటి మట్టంలో 4 మీటర్ల తేడా ఉంటే రోజుకు దాదాపు 550 లీటర్లు పోతాయి. ఇది చెరువుకు లెక్కలోకి రాదు. మిక్స్ చెడి పారగమ్యత పది రెట్లైతే 5,500 లీటర్లు. అదీ భరించవచ్చు. మన దగ్గర అసలు భయం గోడలో లేదు, దాని అడుగులో ఉంది. గోడ కింది కొస ఊట పోని పొరలోకి దిగాలి. పగుళ్లున్న గ్రానైట్ మీద ఆపేస్తే నీళ్లు కింది నుంచి దారి వెతుక్కుంటాయి. ఎంత మంచి బెంటోనైట్ పోసినా అక్కడ పనికిరాదు. బోర్లు వేసి రాయి ఎక్కడ, ఎంత పగిలి ఉందో చూడాలి. అవసరమైతే గ్రౌటింగ్ చేయాలి, అంటే పగుళ్లలోకి సిమెంటు జావలాంటిది ఎక్కించాలి. జేసీబీ బకెట్ రాయికి తగలగానే "అయిపోయింది" అనుకునే కాంట్రాక్టర్‌ని నమ్మొద్దు.

టెస్టుల దండగ విషయానికొస్తే, జల్లెడ పరీక్ష, బంకతనం, స్లంప్, పారగమ్యత చూస్తే సరిపోతుంది. పారగమ్యత పరీక్షను ట్యాప్ నీళ్లతో చేయకండి, ఆ చెరువు నీళ్లతోనే చేయించండి. ఉప్పు, కాల్షియం ఎక్కువున్న నీళ్లలో బెంటోనైట్ ఉబ్బు తగ్గి, పారగమ్యత పెరుగుతుంది. మెసేజ్ ఊసెత్తనిది మరొకటి ఉంది. ఏప్రిల్, మే ఎండలకు గోడ పైభాగం ఆరి చీలుతుంది. పైన బంకమట్టి పొర పరచి, ట్రాక్టర్లు నడవకుండా చూడాలి. ఆ ఖర్చు ఎస్టిమేట్‌లో లేకపోతే ముందే అడిగి రాయించుకోండి.