అరగంట నోరు మూసుకోవాలట!

గోదావరి జిల్లాల్లో పెళ్లి కుదిరిందంటే మొదట ముహూర్తం, తర్వాత కల్యాణ మండపం, ఆ తర్వాత వంటవాళ్లు. ఈ వరసలోకి ఇప్పుడు పళ్లు వచ్చి చేరాయి, అదీ వంటవాళ్లకంటే ముందు. ఫొటోగ్రాఫర్ అడ్వాన్సు జేబులో పెట్టుకుంటూ, "అమ్మాయి నవ్వు బ్రహ్మాండంగా ఉందండి, పళ్లే కొంచెం చూసుకోండి" అని ఒక మాట వదిలేసి వెళ్తాడు. ఇక ఆ ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకుండదు. రొయ్యల రేటు, కొబ్బరికాయ ధర, మబ్బు పట్టిన ఆకాశం, అన్నీ వెనక్కిపోయి పళ్ల రంగు టెన్షన్ ఒక్కటే మిగులుతుంది. అమలాపురం నుంచి భీమవరం దాకా ఇంతమందిని పీడిస్తున్న సమస్య మీద పెద్దలెవరూ నోరు విప్పడం లేదు. బహుశా విప్పితే పళ్లు కనిపిస్తాయని కావచ్చు. కాబట్టి ఆ బాధ్యత నేను నెత్తిన వేసుకుంటున్నాను.

పరిష్కారం అమెరికా సూట్‌కేసులో వచ్చింది. పేరు పళ్లు తెల్లబరిచే స్ట్రిప్. పల్చటి ప్లాస్టిక్ పట్టీ, దానికి ఒకవైపు పెరాక్సైడ్ అనే రసాయనం కలిపిన జెల్లు, పళ్లకు అంటించుకోవడం, అంతే. అక్కడి దుకాణాల్లోకి 2001లో వచ్చిన సరుకు ఇది. బాబాయిగారబ్బాయి డాలస్ నుంచి వస్తూ నాలుగు పెట్టెలు తెస్తాడు. తిరిగి వెళ్లేటప్పుడు అదే సూట్‌కేసులో ఆవకాయ, కందిపొడి, పసుపు కొమ్ములు కుక్కుతారు. అంటే వచ్చేటప్పుడు పళ్లు తెల్లబరిచే సరుకు, పోయేటప్పుడు పచ్చబరిచే సరుకు. ఏ రెండు దేశాల మధ్యా ఇంత న్యాయమైన ఇచ్చిపుచ్చుకోవడం జరిగి ఉండదు. ఇప్పుడు సూట్‌కేసుతోనూ పనిలేదు, ఫోన్లో నొక్కితే రావులపాలెం వచ్చేస్తోంది. వచ్చిన పార్సిల్‌ని మిట్టమధ్యాహ్నం ఎండలో బండి డిక్కీలో వదిలేస్తే మాత్రం పెరాక్సైడ్ వేడికి దాని దారిన అది పోతుంది. ఆ తర్వాత మీరు అంటించుకునేది ఉత్త ప్లాస్టిక్.

ఇంతకీ పనిచేస్తుందా? పనిచేస్తుంది. వెటకారం కోసం అబద్ధమాడలేను. పన్ను పైన ఉండే ఎనామిల్ కాస్త పారదర్శకం, దాని కింద ఉండే డెంటిన్ పుట్టుకతోనే లేత పసుపు. వయసు పైబడేకొద్దీ పైపొర అరిగి లోపలి పసుపు బయటపడుతుంది. దాని మీద మన టీ, కాఫీ, చుట్ట, కిళ్లీ తలో చెయ్యి వేస్తాయి. పెరాక్సైడ్ పన్నులోకి ఇంకి ఆ రంగు పదార్థాలను ముక్కలు చేస్తుంది, రంగు తేలిపోతుంది. తోమడం కాదు, గీకడం కాదు, శుద్ధ రసాయనం. పెట్టెలో మడిచి పెట్టిన కాగితం ప్రకారం నడిస్తే చాలామందికి ఫలితం ఉంటుంది, కొన్ని నెలలు నిలుస్తుంది కూడా.

చిక్కంతా ఆ కాగితంతోనే. అది గోదావరి మనిషిని రెండు అడుగుతుంది. ఒకటి నోరు మూసుకోవడం, రెండు చాలు అనుకోవడం. రెండూ మన ఇంటా వంటా లేనివే.

మొదటిది చూడండి. స్ట్రిప్ ఉన్నంతసేపు తినకూడదు, తాగకూడదు, మాట్లాడితే జారుతుంది. మనకేమో ఎదురుపడ్డ మనిషిని పలకరించకపోతే పగ పట్టినట్టు లెక్క. మొన్న రాజోలు వైపు ఒక ఇంట్లో పెళ్లికూతురు పైపళ్లకు పట్టీ అంటించుకుని, కొస వెనక్కి మడిచి, వాకిట్లో బుద్ధిగా కూర్చుంది. అప్పుడే పెద్దత్తయ్య దిగింది.

"ఏమే, ఎప్పుడూ గలగలలాడేదానివి, మాటాడవేంటి?"

"మ్మ్."

"సంబంధం నచ్చలేదా?"

"మ్మ్ మ్మ్!"

"విన్నావా వదినా, నచ్చలేదంట. కళ్లల్లో నీళ్లు కూడా తిరుగుతున్నాయి."

తిరిగిన మాట నిజమే, జెల్లు చిగురుకి తగిలి మంటెత్తింది. స్ట్రిప్ తీసి పుక్కిలించి, మెత్తటి బ్రష్షుతో మిగిలిన జిగురు వదిలించుకుని, ఆ పిల్ల అసలు సంగతి చెప్పేసరికి వార్త సఖినేటిపల్లి రేవులో పంటు పడవెక్కి నరసాపురంలో దిగింది. అవతలి వాళ్లు ఫోన్ చేసి, "మావాడిలో ఏం లోపం కనిపించిందండీ?" అని ఎంతో మర్యాదగా అడిగారు. మర్యాదగా అడగడమంటే ఏమిటో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు.

అయినా నేను ఈ మౌనాన్ని వదులుకోమనను. ప్రజాప్రయోజనం దృష్ట్యా దీన్ని విస్తరించాలి. ప్రతి రచ్చబండ దగ్గరా ఒక పెట్టె ఉంచి, రాజకీయ చర్చ మొదలవగానే అందరికీ తలో పట్టీ పంచితే ఊరికి రోజూ అరగంట శాంతి దొరుకుతుంది. పళ్లు తెల్లబడటం అదనం.

రెండో కోరిక ఇంకా దారుణం. కాగితం మీద అరగంట అని ఉంటే అరగంట, రెండు వారాలు అని ఉంటే రెండు వారాలు, ఆ తర్వాత ఆపేయాలి. ఇది విస్తరి ముందు కూర్చున్న మనిషి "చాలు" అంటే ఇంకో గరిటె వడ్డించే దేశం. సంక్రాంతికి కొత్త అల్లుడు ఊపిరాడక లేవబోతే భుజం నొక్కి కూర్చోబెట్టే దేశం. మనకు మోతాదు అంటే మోమాటం. అరగంటకే ఇంత తెలుపొస్తే రాత్రంతా ఉంచితే ఎంత రావాలి అన్నది ఇక్కడి లెక్క. కాలువలకు ఎప్పుడు నీళ్లు వదలాలో, ఎప్పుడు కట్టేయాలో 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ తెలిసిన డెల్టా, పళ్ల దగ్గరకొచ్చేసరికి మాత్రం లాకులన్నీ ఎత్తేస్తుంది.

రాత్రంతా ఉంచిన వీరులకు తెల్లారి కాఫీ గుక్క తగలగానే జివ్వుమంటుంది. పెరాక్సైడ్ నిమిషాల్లోనే పన్ను లోపలి నరం దాకా చేరుతుంది మరి. చిగుళ్ల మీద తెల్లటి మచ్చలు లేస్తాయి. అవి ఒకటి రెండు రోజుల్లో మామూలవుతాయి, ఆ జివ్వుమనడం కూడా స్ట్రిప్ ఆపితే కొన్నాళ్లకు తగ్గుతుంది. ఆపితే అన్నాను, గమనించాలి. మనవాళ్లు మాత్రం జివ్వుమంటోందంటే మందు పట్టిందన్నమాట అని మర్నాడు ఇంకోటి అంటిస్తారు. ముందునుంచే పొటాషియం నైట్రేట్ ఉన్న సెన్సిటివ్ పేస్టు వాడుకోవచ్చు, రోజు విడిచి రోజు పెట్టుకోవచ్చు, బరబరా తోమి వెంటనే అంటించకుండా ఉండొచ్చు, చిగురుకు తగలకుండా అంచు సర్దుకోవచ్చు. కానీ వీటిల్లో సాహసం ఏముంది?

ఇంకో సంగతి, దీన్ని పెట్టె మీద ఎవరూ పెద్దక్షరాల్లో వెయ్యరు. స్ట్రిప్ తీసిన గంటలో అద్దంలో కనిపించే ఆ మెరుపు అంతా సొంత ఆస్తి కాదు. తడి ఆరిపోయిన పన్ను ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తుంది. మర్నాటికి లాలాజలంలో నాని కొంత రంగు వెనక్కి వస్తుంది. దాన్ని చూసి "మందు దిగిపోయింది" అని కంగారుపడి రెండు పూటలా మొదలెట్టేవాళ్లకు అంతుండదు. దంతవైద్యుల దగ్గర పళ్ల రంగులకు పదహారు షేడ్ల పట్టిక ఒకటి ఉంటుంది. అందులో ఏదీ పెళ్లికూతురి పిన్ని కోరే రంగు కాదు. ఆవిడ కోరేది వాష్‌బేసిన్ తెలుపు.

దంతవైద్యుడంటే గుర్తొచ్చింది, మొదట ఆయనకు చూపించాలట. పుచ్చు పళ్లుంటే, చిగుళ్ల జబ్బుంటే ముందు అవి బాగుచేయించుకోవాలి. పుచ్చులోంచి పెరాక్సైడ్ దిగితే ముహూర్తం వేళకు పెళ్లికొడుకు బుగ్గ పట్టుకుని కూర్చుంటాడు. గార పట్టి ఉంటే దాని మీద పట్టీ అంటించి లాభం లేదు, క్లీనింగ్ చేయించుకోవాలి. కానీ క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదిలిపోతాయని మన అరుగుల మీద ఎప్పుడో తీర్పు అయిపోయింది. నిజానికి చిగుళ్లను తినేసి పళ్లను కదిలించేది ఆ గారే. ఆ గారే పళ్లను పట్టి ఉంచుతోందని నమ్మేవాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ సరదా వాయిదా వేసుకోవడం మంచిదంటారు. యూరప్‌లో అయితే 2012 నుంచి 0.1 శాతం దాటి 6 శాతం దాకా పెరాక్సైడ్ ఉన్న సరుకు దంతవైద్యుడి చేతుల మీదుగానే అందాలి, 18 ఏళ్లు నిండనివాళ్లకు అసలు వాడకూడదు. అంతకంటే ఘాటు సరుకైతే మాటే లేదు. పాపం పిరికివాళ్లు. మన దగ్గర ఇంటర్ చదివే పిల్లాడు అర్ధరాత్రి దుప్పట్లో దూరి, శాతం ఎంతో చూడకుండా ఆర్డర్ పెట్టుకోగలడు.

ఇవన్నీ కెమికల్సండీ, మనకు వద్దు అనే వర్గం వేరే ఉంది. వీళ్లది ప్రకృతి మార్గం. నిమ్మకాయ చెక్కతో పళ్లు తోముతారు. పులుపును కొలిచే పీహెచ్ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ; ఎనామిల్ సుమారు 5.5 పీహెచ్‌కి దిగువనే కరగడం మొదలవుతుంది, నిమ్మరసం 2 దగ్గర ఉంటుంది. అంటే పైపొర కరుగుతుంది, కింది పసుపు ఇంకా బాగా కనిపిస్తుంది, దాంతో ఇంకో నిమ్మకాయ కోస్తారు. కచ్చిక, బొగ్గు, ఇటుకపొడి భక్తులు రుద్ది రుద్ది అదే గమ్యం చేరతారు. పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని పెద్దలు ఊరికే అనలేదు. అన్నిటికంటే నాకు నచ్చింది పసుపు. వీడియోలో ఎవరో చెప్పారని పళ్లు తెల్లబడటానికి పసుపు ముద్ద రాసుకుంటున్నారు. గడప పచ్చగా ఉండాలని శుక్రవారం శుక్రవారం దేన్ని రాస్తున్నామో ఒక్క క్షణం ఆలోచిస్తే బాగుండును.

ఇక పథ్యం. తెల్లబడిన పన్ను ఒకటి రెండు రోజులు రంగు తొందరగా పీల్చుకుంటుందంటూ టీ, కాఫీ, పసుపు, కారం, చింతపండు పులుసు దూరం పెట్టమంటారు. తెల్లనివి తినమంటారు. ఈ విషయంలో డెల్టా అదృష్టవంతురాలు. ఇడ్లీ, కొబ్బరి పచ్చడి, పెరుగన్నం, ముంజెలు, కొబ్బరినీళ్లు, బెల్లం బదులు పంచదార వేసిన ఆత్రేయపురం పూతరేకులు. ఇన్ని తెల్ల వస్తువులు ఇంకెక్కడ దొరుకుతాయి? ఆ పంచదారకు పళ్లు పుచ్చిపోతే అది వేరే డాక్టరు ఫీజు.

కానీ శ్రావణ ముహూర్తాలకు ఒక ప్రమాదం పొంచి ఉంది. గోదావరికి ఎర్రనీళ్లు తగిలి పులస చేప ఎదురెక్కే రోజులూ అవే. ఇందాకటి పెళ్లికూతురి ఇంటికి మేనమామ వేలు పోసి పులస తెచ్చాడు. మట్టి దాకలో, సన్నటి సెగ మీద, బెండకాయలు వేసి పొద్దుటినుంచి కాచిన పులుసు. నూనె పైకి తేలి అంచుల వెంట ఎర్రగా నిలబడింది. వీధి చివరికి వాసన పోయింది. పిల్ల గిన్నె వంక చూసి, పెరుగన్నం చాలంది. ఆ ఇంట్లో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు, అప్పుడు ఎవరి పళ్లకూ స్ట్రిప్పులు లేకపోయినా. పుస్తెలమ్మైనా పులస తినాలన్న గడ్డ మీద, పుస్తె ఇంకా పడకముందే పళ్ల కోసం పులస వద్దన్న పిల్లను ఏ చరిత్రకారుడు క్షమిస్తాడు? మేనమామ అలిగి పూతరేకులు కూడా ముట్టుకోకుండా వెళ్లిపోయాడు.

పెళ్లికొడుకు కథ ఇంకో తీరు. ఆయనకు కాలేజీ రోజుల్లో బైక్ మీంచి పడి ముందుపన్నుకు క్యాప్ పడింది. క్యాపులు, ఫిల్లింగులు, పెట్టుడు పళ్లు పెరాక్సైడ్‌కు లొంగవన్న సంగతి ఆయనకెవరూ చెప్పలేదు, కాగితంలో ఉంది. రెండు వారాలు నిష్ఠగా చేశాడు. చుట్టూ ఉన్న పళ్లన్నీ తెల్లబడ్డాయి, మధ్యలో క్యాప్ ఒక్కటే పాత రంగులో నిలబడి నేనున్నానంది. అప్పటిదాకా ఆ పన్ను కట్టించుకున్నదని మామగారికి తెలియదు. చివరికి క్యాప్ మార్పిద్దామంటే, తెల్లబడ్డ పళ్ల రంగు కుదురుకోవడానికి ఇంకో రెండు వారాలు ఆగమన్నారు, ముహూర్తం ఆగదు కాబట్టి ఆల్బమంతా ఆయన గంభీరంగా మూతి బిగించుకుని ఉన్నాడు. నవ్వు నాలుగు విధాల చేటని బంధువులు సర్దిచెప్పుకున్నారు.

మధుపర్కాలయ్యాక గ్రూప్ ఫొటో తీశారు. అందులో అందరికంటే తెల్లగా, వరసగా, మెరిసిపోతూ కనిపించిన పళ్లు పెళ్లికూతురి తాతగారివి. లంక చుట్ట, కిళ్లీ, పులస పులుసు, ఏదీ మానని మనిషి. అవతలి వైపు పెద్దావిడొకరు ఫొటో చూసి వియ్యపురాలిని పక్కకు పిలిచి, "మీ నాన్నగారు ఏ కంపెనీవి వాడతారండీ? మావాడికి కూడా తెప్పిద్దాం" అని అడిగింది.

"కంపెనీ ఏముందండి, రాత్రి తీసి గ్లాసులో వేసుకుని పడుకుంటారు. ఆయ్."