ఓడ మాది, ప్రయాణం అత్తమ్మది

మా అత్తమ్మ హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన సందర్భంగా మా బామ్మర్ది ఒక ఓడ కిరాయికి మాట్లాడాడు. ఫంక్షన్ హాలు కాదు, ఏసీ బస్సు కాదు, ఓడ. ఇండోనేషియాలో ఫ్లోరెస్ దీవి పడమటి కొసన లాబువాన్ బాజో అనే ఊరుంది, ఆ రేవులో దొరుకుతాయి ఈ ఓడలు, పినిసి అంటారు, రెండు కొయ్య స్తంభాలు, ఏడు తెరచాపలు, కెప్టెన్, వంటవాడు, కళాసీలు అంతా కలిపి మన ఒక్క కుటుంబానికే ఇచ్చేస్తారు. "లగ్జరీ బావా, మొత్తం ఓడ మనదే" అన్నాడు. నేనేమో సముద్రమే లేని రాష్ట్రంవాణ్ని, పడవంటే లక్నవరంలో లైఫ్ జాకెట్ తగిలించుకుని తిరిగే ఒక రౌండు, అంతే తెలుసు. హనుమకొండలో కూర్చొని ఓడ కిరాయి ఏందిరా అంటే, వాడు ఫోన్ తీసి బ్రోచర్ చూపించాడు. నీలం నీళ్లు, ఏడుకు ఏడు తెరచాపలూ గాలి నింపుకుని ఉన్న తెల్లటి ఓడ. మా ఆవిడ "అబ్బ!" అన్నది. ఆ ఒక్క అబ్బతో నా వాటా కూడా ఖరారైపోయింది.

ఏజెంటు హైదరాబాద్ మనిషి. పేరు రాయను. రేటు అడిగినా, వాతావరణం అడిగినా, బాత్రూం అడిగినా "సార్, ఇది ట్రిప్ కాదు, ఎక్స్‌పీరియన్స్" అనేవాడు. డబ్బు సగం ముందే కట్టించుకుని ఒక ఫారం పంపాడు, తలగడ మెత్తగా కావాలా గట్టిగా కావాలా, కారం ఎంత, ఈత వచ్చా, కాలి సైజెంత అని. కారం దగ్గర మా సడ్డకుడు 'ఎక్కువ' అని టిక్కు పెట్టి, పక్కన ఇంకో రెండు టిక్కులు సొంతంగా గీసి పెట్టాడు. ఈత దగ్గర అందరం ఖాళీ వదిలేశాం. తర్వాత వీసాలు, విమానాలు, బాలిలో మారడం, అన్నీ అయ్యాయి, అవి రాస్తే మళ్లీ బీపీ వస్తుంది.

ఓడ నిజంగానే బాగుంది, అబద్ధం ఎందుకు. చెప్పులు బయటే విప్పించి ఎక్కించారు, అత్తమ్మకు అది బాగా నచ్చింది. దక్షిణ సులవేసిలో బులుకుంబా జిల్లా సముద్రపు ఒడ్డునే కడతారట వీటిని, కాగితం మీద నక్షా లేకుండా, ముందు బయటి పలకలు కూర్చి, ఆ తర్వాత లోపలి పక్కటెముకలు బిగిస్తారట, పలకకూ పలకకూ మధ్య కొయ్య మేకులు. ఈ విద్యను యునెస్కో 2017లో తన జాబితాలో చేర్చింది. బామ్మర్ది ఇదంతా ఎక్కడో చదివొచ్చి డెక్ మీద నిలబడి ఉపన్యాసం ఇస్తున్నాడు, ఆయనగారు సరిగ్గా 'తరతరాల నావికా విద్య' దగ్గరికి వచ్చేసరికి కింద డుగ్ డుగ్ డుగ్‌మని డీజిల్ ఇంజిన్ స్టార్టయింది.

అయితే రేవు దాటేదాకేలే అనుకున్నాం. రేవు దాటింది. సాయంత్రమైంది. కాలాంగ్ దీవి దగ్గర పెద్ద పెద్ద గబ్బిలాలు ఆకాశం నిండా లేచిపోయాయి, చూశాం. తెల్లారింది. డుగ్ డుగ్ డుగ్. తెరచాపలు స్తంభాలకు కట్టేసిన మూటలుగానే ఉన్నాయి. కెప్టెన్‌ను అడిగితే నవ్వి ఇంజిన్ గది వైపు చూపించాడు. ఏజెంటుకు మెసేజ్ పెడితే కాంట్రాక్టు ఫోటో తీసి పంపాడు, కింద చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది: తెరచాపల వాడకం పూర్తిగా కెప్టెన్ ఇష్టం. దాని కింద ఇంకో లైను: గాలి ఉన్నా లేకపోయినా సొమ్ము వాపసు లేదు. న్యాయంగా చెప్పాలంటే ఆ దీవుల మధ్య నీటి ప్రవాహాలు మహా గట్టివి, ఇప్పుడు అక్కడ తిరిగే ఇలాంటి ఓడలు దాదాపు అన్నీ ఇంజిన్ మీదే పోతాయి, అందులో తప్పేం లేదు. అలాంటప్పుడు బ్రోచర్ మీద ఇంజిన్ ఫోటో వేయాలి కదా!

బామ్మర్ది కెప్టెన్ వెంట పడ్డాడు. పొద్దున ఇడ్లీ లేని టిఫిన్ దగ్గర అడిగాడు, పడార్ దీవి కొండెక్కి దిగాక అడిగాడు, చివరికి ఆ మనిషి విసుగొచ్చో జాలేసో ఒప్పుకున్నాడు. గాలి బాగుంది, కాసేపు తెరచాపలు వేస్తాను, కానీ ఓడలో కూర్చుంటే మీకు ఏమీ కనపడదు, ఫోటో కావాలంటే చిన్న బోటు ఎక్కి దూరం నుంచి తీసుకోండి అని సైగలతోనూ నాలుగు ఇంగ్లిష్ ముక్కలతోనూ చెప్పాడు. సబబే అనిపించింది. అందరం రబ్బరు బోటులోకి దిగాం, నేను, మా ఆవిడ, వదిన, సడ్డకుడు, బామ్మర్ది, వాడి భార్య, వాళ్ల చిన్నోడు. బోటు నడిపే పిల్లవాడు వెనక. అత్తమ్మ మాత్రం రానన్నది. "మీరు పోయి దిగుండ్రి, నా చీర ఆరలేదు" అన్నది. లగ్జరీ ఓడ రెయిలింగు మీద ఆమె నేత చీర అప్పటికే బారుగా పరుచుకుని ఉంది, క్లిప్పులతో సహా, క్లిప్పులు హనుమకొండ నుంచే తెచ్చుకుంది.

తెరచాపలు విప్పడం నేను జన్మలో మర్చిపోను. పైకి లాగుతారనుకున్నాను, కాదు, పెద్ద చాపల పైన ఉండే అడ్డుకొయ్య ఎప్పుడూ అక్కడే ఉంటుంది, దాని వెంబడి గుడ్డను పక్కకు లాగుతారు, పెళ్లిలో అడ్డుతెర లాగినట్టు. ఒకటి, రెండు, ముందువైపు మూడు ముక్కోణాలు, పైన చిన్నవి రెండు. ఇంజిన్ ఆగింది. ఓడ కొద్దిగా పక్కకు ఒరిగి కదిలింది. బ్రోచర్! అచ్చంగా బ్రోచర్! అందరం అరిచాం. బామ్మర్ది తన ఫోన్ ఆ బోటు పిల్లవాడికిచ్చి, వెనక ఓడ వచ్చేట్టు అందరినీ కలిపి తీయమన్నాడు.

ఇక్కడ ఒక ఎర్ర తాడు గురించి చెప్పాలి. ఆ బోటు ఇంజిన్‌కు ఒక చుట్టల తాడు ఉంటుంది, ఒక కొస ఇంజిన్ బటన్‌కు క్లిప్పు, ఇంకో కొస నడిపేవాడి చేతికి. మనిషి నీళ్లలో పడితే క్లిప్పు ఊడి ఇంజిన్ ఆగిపోతుంది, మంచి ఏర్పాటే. పిల్లవాడు ఫోటో కోసం లేవాలి కాబట్టి తాడు తీసి పక్కన పెట్టాడు, ఇంజిన్ ఆగింది. మేమందరం ఓడ ఫ్రేములోకి రావాలని ఇటు జరిగాం, అటు జరిగాం. ఎవరి మోచేయి తగిలిందో ఇప్పటికీ తేలలేదు, ఇంట్లో రెండు వర్గాలున్నాయి. తాడు మాత్రం సముద్రంలో పడి మునిగిపోయింది.

ఫోటో వచ్చింది. ఇంజిన్ రాలేదు.

పిల్లవాడు స్టార్టర్ తాడు లాగుతున్నాడు, లాగుతున్నాడు, మధ్యమధ్యలో మా వైపు చూసి "తిదా అపా అపా" అంటున్నాడు, ఏం పర్వాలేదని. మా సడ్డకుడు కరెంటు డిపార్ట్‌మెంట్ కాబట్టి ప్రతి యంత్రం మీదా అభిప్రాయం ఉంటుంది, "ప్లగ్గుల కచరా ఉంటది, ఊదుమను" అని బామ్మర్దికి చెప్తున్నాడు, బామ్మర్ది దాన్ని ఇంగ్లిష్‌లోకి మారుస్తున్నాడు, పిల్లవాడికి ఇంగ్లిష్ రాదు. ఓడ పోతోంది. దర్జాగా, ఏడు తెరచాపలతో, మేం కట్టిన డబ్బుతో, మేం లేకుండా పోతోంది. చేతులు ఊపాం. డెక్ మీది కళాసీలు కూడా సంతోషంగా చేతులు ఊపారు. ఇంకా గట్టిగా ఊపాం. వాళ్లూ ఇంకా గట్టిగా ఊపారు. కెప్టెన్ చుక్కాని దగ్గర నిలబడి ఉన్నాడు, పాపం ఎన్నాళ్లయిందో ఆయన తెరచాప మీద ఓడ నడిపి, వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు. పాస్‌పోర్టులు, డాలర్లు, అత్తమ్మ, ముఖ్యమైనవన్నీ ఓడలోనే ఉన్నాయి.

"అమ్మ బీపీ గోళీ నా బ్యాగులనే ఉన్నది" అన్నది మా ఆవిడ.

"బీపీ ఇప్పుడు ఆమెకు కాదు, మనకు" అన్నాడు సడ్డకుడు.

ఇలాంటప్పుడు మనుషులకు దేవుడు గుర్తొస్తాడు. నేను కాలేజీలో చరిత్ర చెప్తాను కాబట్టి నాకు మోటుపల్లి గుర్తొచ్చింది. అది కాకతీయుల రేవు, ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉంది. సముద్రం ఎరగని ఓరుగల్లులో కూర్చొనే గణపతిదేవుడు ఓడల వర్తకులకు అక్కడ 1244లో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు, గాలివానకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులో బంగారం, రత్నాలు, గుర్రాలు, ఏనుగులు ఏవుంటే అవి గుంజుకునేవాళ్లట. మేమలా చేయం, ఇంత సాహసం చేసి సముద్రం మీద వచ్చినవాళ్ల దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప ఏదీ తీసుకోం అని రాజు రాతి మీద చెక్కించి ఇచ్చాడు. సుంకం ముప్పయిలో ఒక వంతు. రాయి మీద, అందరికీ కనపడేటట్టు. మా ఏజెంటేమో సగం ముందే గుంజుకుని, మిగతాది చీమ తలకాయ అక్షరాల్లో పెట్టాడు. ఈ విషయం అక్కడే, ఆ బోటులోనే, నేను మావాళ్లకు వివరించడం మొదలుపెట్టాను. మా ఆవిడ నా వైపు చూసిన చూపు గురించి వివరంగా రాయను. గణపతిదేవుడి దగ్గరే ఆగిపోయాను, మార్కో పోలో దాకా పోలేదు.

ఈలోగా ప్రవాహం మమ్మల్ని మెల్లగా ఒక దీవి వైపు తోస్తోంది. అది కొమోడో నేషనల్ పార్కు, కొమోడో డ్రాగన్ అనే బల్లుల కోసం 1980లో పెట్టిన చోటు. బల్లి అంటే మన గోడ మీద బల్లి కాదు, మూడు మీటర్ల దాకా పెరుగుతుంది, జింకను తింటుంది. అక్కడ దిగాలంటే చీలిన కొసల కర్ర పట్టుకున్న రేంజర్ వెంట ఉండాలి. మా దగ్గర రేంజరూ లేడు, కర్రా లేదు. చిన్నోడు అడిగాడు, "డాడీ, కొమోడో డ్రాగన్‌కు ఈత వస్తదా?" ఎవ్వరం మాట్లాడలేదు. వస్తుంది. పొద్దున్నే రేంజర్ చెప్పాడు. ఫారంలో ఆ ప్రశ్న ఖాళీ వదిలేసింది మేమే.

చివరికి పిల్లవాడు ఇంజిన్ వదిలేసి మా చేతులు, మెడలు, బట్టలు వెతకడం మొదలుపెట్టాడు, దోచుకుంటాడేమో అని వదిన పుస్తెలతాడు పట్టుకుంది. వాడికి కావాల్సింది దారం. ఎర్ర తాడు క్లిప్పు పట్టే చోట, బటన్ వెనక నాలుగు చుట్లు దారం బిగిస్తే బటన్ లోపలికి పోకుండా ఉంటుంది, ఇంజిన్ అందుకుంటుంది. సడ్డకుడు బెల్టు ఇచ్చాడు. వదిన హెయిర్ బ్యాండ్ ఇచ్చింది, అది లావు. అప్పుడు వాడి కన్ను నా మణికట్టు మీద పడింది. భద్రకాళి గుళ్లో పంతులు కట్టిన ఎర్ర దారం.

"అది తీయొద్దు!" అన్నది మా ఆవిడ. వచ్చే నవరాత్రుల దాకా ఉండాలట. వదిన సమర్థించింది. బామ్మర్ది, ఆపద్ధర్మం అన్నాడు. తెంపకుండా ముడి విప్పితే దోషం లేదని సడ్డకుడు తీర్పు చెప్పాడు. ముడి తడిసి రాయిలా బిగిసిపోయింది. నడి సముద్రంలో, బల్లుల దీవి దగ్గర పడుతుండగా, మా కుటుంబం ముడి విప్పాలా తెంపాలా అని సభ పెట్టింది. ఆ పిల్లవాడికి మన శాస్త్రాలు తెలియవు, నా చెయ్యి గుంజి పళ్లతో పటుక్కున కొరికేశాడు.

ఒక్క లాగుకు స్టార్టయింది. అమ్మవారి మహిమ అని మా ఆవిడ, వైరింగ్ అని సడ్డకుడు. నేను ఓటు వేయలేదు.

కొండ మలుపు తిరిగేసరికి ఓడ ఆగి ఉంది. తెరచాపలు మూటలైపోయాయి, లంగరు దింపారు. అత్తమ్మ కెప్టెన్ కుర్చీలో కూర్చుని అరటికాయ బజ్జీలు తింటోంది, కెప్టెన్ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చీర ఆరి, మడత పెట్టి ఒళ్లో ఉంది. వెనక్కి చూస్తే బోటు కనపడలేదట, అప్పుడు లేచిపోయి "ఏయ్, పిల్లలను ఇడిసిపెట్టి యాడికి పోతున్నవ్, ఆపు!" అన్నదట. తెలుగులోనే. ఆపాడు. ముప్పై ఏళ్లకు పైగా బడి పిల్లలను నిలబెట్టిన గొంతు అది, దానికి దుబాసీ అక్కర్లేదు.

"గింత సేపా ఫోటో?" అన్నది మమ్మల్ని చూసి.

ఆ తర్వాత ఇంకెవ్వరం తెరచాపల ఊసెత్తలేదు. దిగేరోజు బిల్లులో ఎర్ర తాడు ఖరీదు వేశారు, దారానికి మాత్రం ఏమీ తగ్గించలేదు. ఇదంతా ఏజెంటుకు చెప్తే "చూశారా సార్, ఎక్స్‌పీరియన్స్!" అన్నాడు. ఇంటికొచ్చాక నిన్న వాడే మెసేజ్ పెట్టాడు, బామ్మర్ది తీయించిన ఫోటో అద్భుతంగా ఉందట, వచ్చే ఏడాది బ్రోచర్‌కు వాడుకుంటారట, మేం ముందర అడ్డంగా ఉన్నాం కాబట్టి మమ్మల్ని కత్తిరించేస్తారట, రెయిలింగు మీది చీరను కూడా కంప్యూటర్‌లో తీసేయవచ్చా అని అడిగాడు.

అత్తమ్మకు చదివి వినిపించాను. మిమ్మల్ని కత్తిరిస్తే కత్తిరించుకోమను, చీర ముట్టుకుంటే మాత్రం ఫోటో ఇయ్యనని చెప్పమన్నది.