ఒంటరి ప్రయాణికురాలికి చివరి అర కిలోమీటరే అసలు పరీక్ష

ఒక మహిళ కొత్త మహానగరానికి ఒంటరిగా బయలుదేరుతోందంటే చుట్టూ ఉన్నవాళ్లంతా జాగ్రత్తలు చెబుతారు. చీకటి పడ్డాక బయటికి వెళ్లకు, ఎవరితోనూ మాట్లాడకు, ఆ బట్టలు వేసుకోకు, అసలు ఒక్కదానివే ఎందుకు? ప్రేమతోనే చెబుతారు. కానీ ఈ మాటలు వింటే ఆమె తిరగగలిగే నగరం చిన్నదైపోతుంది, ప్రమాదం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. ఏ జాగ్రత్తనైనా ఒక్క ప్రశ్నతో తూచి చూడాలని నా అభిప్రాయం: ఇబ్బంది ఎదురైన క్షణంలో ఆమె ముందున్న దారులను ఇది పెంచుతుందా, తగ్గిస్తుందా?

ఇంటిపట్టున ఉంటే క్షేమం కదా అనేవాళ్లు ఒక లెక్క చూడాలి. ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం 2023లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 85,000 మంది మహిళలు, బాలికలు హత్యకు గురయ్యారు. అందులో దాదాపు 51,100 మందిని చంపింది జీవిత భాగస్వామి లేదా కుటుంబసభ్యులు. పరాయి ఊరు భద్రమని దీన్నిబట్టి తేల్చలేం. ఇల్లు క్షేమం, వీధి ముప్పు అన్న నమ్మకం మాత్రం ఈ అంకెల ముందు నిలవదు.

నగరంలో అసలు చిక్కు ఎక్కువగా వచ్చేది చేరుకునే వేళలోనే. చేతిలో సామాను, ఒంట్లో అలసట, ఫోన్‌లో అయిపోవస్తున్న చార్జింగ్, తెలియని దిక్కులు. అప్పుడే ఎవరో దగ్గరికొచ్చి, మీరు వెళ్లాల్సిన హోటల్ మూసేశారు, నేను ఇంకోటి చూపిస్తా అంటాడు. పగలు, తీరిగ్గా ఉన్నప్పుడు నవ్వి వదిలేసే మాట అది. అర్ధరాత్రి నిజమేమో అనిపిస్తుంది. అందుకే మొదటి రోజు పగటివేళ దిగేలా టికెట్ తీసుకోవడం నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన జాగ్రత్త. కుదరకపోతే ఆ ఒక్క రాత్రికైనా స్టేషన్‌కు దగ్గరలో, రాత్రంతా రిసెప్షన్‌లో మనిషి ఉండే చోట గది తీసుకోవాలి.

గది ఎంచుకునేటప్పుడు చాలామంది అద్దె, ఫొటోలు చూస్తారు. చూడాల్సింది స్టేషన్ నుంచి ఆ తలుపు దాకా ఉన్న చివరి అర కిలోమీటరు. రాత్రి పదికి అక్కడ దుకాణాలు తెరిచి ఉంటాయా, దీపాలు వెలుగుతాయా, లేక పొడవాటి గోడల మధ్య నడవాలా? మ్యాప్‌లో వీధి చిత్రాలు చూస్తే సగం తెలుస్తుంది. అంతకుముందు ఒంటరిగా బస చేసిన మహిళలు రాసిన సమీక్షలు చదివితే మిగతా సగం తెలుస్తుంది. చవకని ఊరవతల గది తీసుకుని రోజూ రాత్రి భయపడుతూ నడిచేకంటే, ఒక పూట ఖర్చు తగ్గించుకుని దగ్గరలో ఉండటం మంచిది. ఇలా అనడం తేలిక, డబ్బు అందరి దగ్గరా ఉండదు. భద్రతకు కూడా ధర ఉండటం అన్యాయమే. అయినా అవసరమైతే క్యాబ్‌లో గదికి చేరడానికి సరిపడా డబ్బు విడిగా దాచుకోవడం ఎవరూ మానకూడదు.

హోటల్లో గది నంబర్ నలుగురూ వినేలా గట్టిగా చెబితే వేరే గది అడగాలి. పనివాళ్లమంటూ తలుపు తడితే తెరవకముందే రిసెప్షన్‌కు ఫోన్ చేసి కనుక్కోవాలి. క్యాబ్ ఎక్కేముందు నంబర్ ప్లేట్ సరిచూసి, ఎవరి కోసం వచ్చారని డ్రైవర్‌నే అడగాలి. మన పేరు మనమే ముందు చెబితే, అవునవును అనడానికి ఎవరికైనా క్షణం చాలు.

ఇవన్నీ నేర్చుకోవడం సులువే. కష్టమైంది మొహమాటం వదులుకోవడం. మర్యాదగా మాట కలిపి, ఎక్కడ ఉంటున్నారు, ఎన్నాళ్లుంటారు, ఒక్కరే వచ్చారా అని ఒక్కొక్కటే రాబట్టే మనిషికి జవాబు చెప్పకపోతే ఏమనుకుంటాడోనని చాలామంది ఆగిపోతారు. చిన్నప్పటి నుంచీ ఆడపిల్లలకు నేర్పిన అణకువ అక్కడ వాళ్లకే అడ్డం తిరుగుతుంది. కారణం చెప్పకుండా లేచి వెళ్లిపోవచ్చు, స్నేహితురాలు వస్తోందని అబద్ధమాడవచ్చు, లోపలున్న మనిషిని చూసి ఇబ్బందిగా అనిపిస్తే లిఫ్ట్ ఎక్కకుండా ఆగిపోవచ్చు. ఎదుటివాడు నిజంగా మంచివాడైతే కాస్త నొచ్చుకుంటాడు, అంతే.

ఫోన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. లైవ్ లొకేషన్ ఒక్క నమ్మకస్తురాలికి పంపి, ఇన్ని గంటలకల్లా కబురు లేకపోతే ఏం చేయాలో ముందే మాట్లాడుకోవాలి. ఎక్కడున్నదీ అందరికీ కనిపించేలా పెట్టే పోస్టు ఆ చోటు వదిలాకే పెట్టాలి. చాలా దేశాల్లో 112కు ఫోన్ చేస్తే అత్యవసర సేవలకు చేరుతుంది. అయినా వెళ్లే దేశపు నంబర్ ముందే తెలుసుకోవడం మేలు.

ఇంత చేసినా బస్సు దిగిన వీధిలో దీపం లేకపోతే ఆమె చేయగలిగింది తక్కువ. ఆ పని నగరానిది. కెనడాలోని టొరంటోలో 1991లో ఒక చిన్న ఏర్పాటు మొదలైంది. రాత్రివేళ ఒంటరిగా ప్రయాణించే మహిళ కోరితే బస్సును రెండు స్టాపుల మధ్య, ఆమెకు అనువైన చోట ఆపుతారు. తర్వాత దాన్ని అందరికీ వర్తింపజేశారు. మాంట్రియల్‌లోనూ 1996లో ఇలాంటిదే వచ్చింది. కొత్త వాహనం, కొత్త యంత్రం ఏదీ అవసరం లేదు, డ్రైవర్‌కు ఒక అనుమతి చాలు. టొరంటోలోనే ఒక మహిళా సంస్థ 1989లో మరో పద్ధతి రూపొందించింది. మహిళలే చీకటి పడ్డాక వీధుల్లో నడిచి, ఎక్కడ వెలుతురు లేదో, ఎక్కడ కేక వేసినా వినపడదో రాసి అధికారులకు ఇస్తారు. తర్వాత ఎన్నో దేశాల నగరాలు దీన్ని అనుసరించాయి. పర్యాటకులను పిలిచే ప్రతి నగరమూ ఇలా నడిపించి, ఆ వివరాలను తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. చూడదగ్గ ప్రదేశాల జాబితా పక్కనే రాత్రి పది దాటాక స్టేషన్ నుంచి ఏ ద్వారం గుండా బయటికి రావాలో, ఏ వైపు వీధి దీపాలున్నాయో, చివరి బస్సు ఎన్నింటికో కూడా రాయాలి.